ఎడమ కుర్చీ

పదకొండయింది. కెటిల్ కూత పెట్టి దానంతటదే ఆగిపోయింది, నేను లేవలేదు. టీ ఎవరికి? నా స్నేహితురాలు ఐల్సా పావుతక్కువ పన్నెండుకి వస్తానంది, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి అటునుంచి అటే వచ్చేస్తాను, తినడానికి మాంసం కూరిన బ్రైడీలు నేనే పట్టుకొస్తాను, నువ్వు పొయ్యి ముట్టించకు అంది నిన్న సాయంత్రం ఫోన్లో. ఎంత ప్రేమో. ఎంత ప్రేమో మహాతల్లికి. ఇంకా నలభై అయిదు నిమిషాలుంది. కిటికీ అవతల సముద్రం కనబడడం లేదు, పొగమంచు మింగేసింది, చేపలకు పొగబెట్టే కొట్టాల వాసన మాత్రం ఆ మంచులో తడిసి ఇంట్లోకి వస్తోంది. బల్ల మీద ఫోన్, ఫోన్ పక్కన మా ప్రయాణం దారంతా రాసుకున్న నా పచ్చసిరా పుస్తకం, దాని పక్కన అద్దెకార్ల కంపెనీ కాగితం. సెప్టెంబరు రెండు నుంచి ఇరవై మూడు దాకా, కెనడాలో క్యాల్గరీ విమానాశ్రయంలో తీసుకుని మళ్లీ అక్కడే అప్పగించే కారు, మొదటి డ్రైవర్ ఐల్సా, రెండో డ్రైవర్ విల్మా. విల్మా అంటే నేను. ఇవాళ, గురువారం, మధ్యాహ్నం పన్నెండు లోపు ఫోన్ చేసి లైసెన్సు నంబర్లు చెప్పాలి, లేకపోతే మా కోసం ఆపి ఉంచిన కారు వదిలేస్తారు. ఇదివరకు నాలుగుసార్లు అలాగే వదిలేశారు. నాలుగుసార్లూ ఫోన్ చెయ్యనిది నేనే. ఈసారి చేసి తీరాలనే ఆరింటికి లేచి తలదువ్వుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను, ఫోన్లో నా మొహం ఎవరు చూస్తారని కాదు, అదొక ధైర్యం.

అంత ధైర్యమూ ఆ మెయిల్ చదివేదాకానే. ఎన్నిసార్లు చదివానో, ఫోన్ తెర మీద నా వేలిముద్రలు జిగటగా పడ్డాయి. అమెరికాలోని మాంటానాలో పోల్సన్ అనే ఊళ్లో, సరస్సు ఒడ్డున, లవర్న్ అనే ఆవిడ నడిపే మోటెల్ నుంచి. ఐదో రోజు రాత్రి అక్కడ పడుకోవాలని నా పుస్తకంలో పంతొమ్మిదేళ్ల కిందటే రాసుకున్నాను, కారు ఖాయం చేసేముందు గది ఉందో లేదో కనుక్కుందామని మొన్న ఆవిడకు రాశాను, ఐసు మిషనుకు దూరంగా ఉన్న గది కావాలి, దాని గరగర వింటే నాకు నిద్ర పట్టదు అని కూడా రాశాను. ఆవిడ జవాబు తెల్లారేసరికి వచ్చి కూర్చుంది. ప్రియమైన విల్మా, మీరు మళ్లీ వస్తున్నారంటే ఎంత సంతోషమో! పోయిన సెప్టెంబరులో మీరు ఆ పచ్చసిరా పుస్తకం తెరిచి ఐసు మిషనుకు దూరంగా ఉన్న గది కావాలని చదివి వినిపించారు చూడండి, మా ఆయన ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతాడు. అదే పన్నెండో నంబరు గది ఇస్తాను. మ్యాపు తలకిందులుగా పట్టుకునే మీ స్నేహితురాలికి కడుపులో తిప్పడం తగ్గిందా? ఇంతే. ఆ తర్వాత సరస్సు బాగుందనీ చలి ఇంకా పోలేదనీ ఏదో ఉంది. పోయిన సెప్టెంబరులో నేను ఈ ఊరు దాటి ఎక్కడికీ పోలేదు, పోయిన సెప్టెంబరులో నేను ఐల్సా టమాటా మొక్కలకు నీళ్లు పోశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆకుల మీద పొయ్యకు. ఐల్సా తన చేత్తో రాసి ఫ్రిజ్ మీద అంటించిన చీటీ అది, ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మొదట ఏమనుకున్నానో చెబితే నవ్వొస్తుంది. ఆవిడ ఎవరినో చూసి ఎవరనుకుందో అనుకున్నాను, ప్రపంచంలో పచ్చసిరా పుస్తకం ఇంకెవరికీ ఉండకూడదా, ఐసు మిషను గోల ఇంకెవరికీ పడకపోవచ్చు కదా అని ఐల్సా తరఫున నేనే వకీలు పని చేశాను, పది నిమిషాల పాటు గట్టిగా వాదించాను కూడా. మ్యాపు తలకిందులు దగ్గర నోరు పడిపోయింది. డోరీన్. ఐల్సా తమ్ముడి పెళ్లాం డోరీన్. మేమిద్దరం ప్రతి గురువారం అరగంట సేపు ఉతికి ఆరేసే డోరీన్, కారెక్కితే పదో మైలు దగ్గర వాంతి చేసుకునే డోరీన్, దిక్కులన్నీ ఒకటే అనుకునే డోరీన్. దాన్నా తీసుకెళ్లావు? పోనీ ఒక మంచి మనిషిని తీసుకెళ్లినా ఇంత మండేది కాదేమో. మండేదిలే, ఎందుకు మండదు. పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో విల్మా అని రాసి ఉంటుంది, అది చూసే ఆ లవర్న్ నా పేరు పెట్టి పిలిచి ఉంటుంది, నేను విల్మా కాదమ్మా అని ఈవిడగారు ఒక్క ముక్క అనలేదన్నమాట. నా పుస్తకం తీసుకుంది, నా దారి తీసుకుంది, నా పేరు పెట్టి పిలిస్తే పలికింది.

పుస్తకం దొంగిలించలేదు, అదీ నా ఖర్మ. నేనే ఇచ్చాను. వర్షంలో తడుస్తుందని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మరీ ఇచ్చాను. డోరీన్ కాలికి ఆపరేషనయిందే, డంఫ్రీస్ వెళ్లి మూడు వారాలు వండిపెట్టాలి, ఆ మనిషి మొహం చూస్తూ కూర్చోవాలంటే పిచ్చెక్కుతుంది, నీ పుస్తకం ఇవ్వు, మన దారి ఇంకోసారి సరిచూసి పెడతాను అంది ఐల్సా. అయ్యో పాపం అన్నాను. దారిలో తినమని ఓట్ బిస్కెట్లు కూడా చేసిచ్చాను, ఆ బిస్కెట్లు అట్లాంటిక్ దాటి ఉంటాయి, ఎవరు తిన్నారో, డోరీన్ తిని కక్కుకుని ఉంటుంది. మూడు వారాలు, రోజుకు రెండుసార్లు, కొండ ఎక్కి ఐల్సా ఇంటికి వెళ్లాను, నా మోకాళ్లు నాకు తెలుసు. ఒక్క ఆకు ఎండనివ్వలేదు. తిరిగొచ్చాక ఒక సీసాడు పచ్చిటమాటా పచ్చడి పెట్టి ఇచ్చింది, నీ చేతి చలవేనే అంది, వేళ్లు నాక్కుంటూ తిన్నాను. పుస్తకం తిరిగిచ్చినప్పుడు ఐదో రోజు పేజీలో ఊదారంగు మరక ఉంది, డోరీన్ జామ్ ఒలికించిందంది, దాని పని కాక ఎవరి పనిలే అన్నాను. అక్కడి కొండల్లో దొరికే హకిల్‌బెర్రీ పై తినాలి, మధ్యాహ్నం మూడు లోపే, తర్వాత అయిపోతుంది అని ఆ పేజీలోనే నేను రాసి ఉంచాను. మరక సరిగ్గా ఆ అక్షరాల మీదే ఉంది. చూశాను, నా రెండు కళ్లతో చూశాను, అయినా బుర్రకెక్కలేదు.

చెయ్యి కూడా చూశాను. ఐల్సా ఎడమ చెయ్యి, మోచేతి నుంచి మణికట్టు దాకా, కాలిన రొట్టె రంగులో ఉంది, కుడిచెయ్యి ఎప్పటిలాగే పాలిపోయి ఉంది. ఇదేంటే ఒక్క చెయ్యే కమిలింది అంటే, డోరీన్ మంచం పక్క కిటికీ దగ్గర కూర్చున్నాను కదా అంది. ఎండ మొహం చూడని డంఫ్రీస్‌లో. సెప్టెంబరులో. ఇరవై రెండేళ్లు ఊరూరా లైబ్రరీ వ్యాను నడిపిన మనిషి, వేసవి వచ్చిందంటే ఎప్పుడూ కుడిచెయ్యే కమిలేది, మా బళ్లలో స్టీరింగు కుడివైపు కదా, కిటికీ కూడా అటే. ఎడమచెయ్యి కమిలిందంటే ఎడమవైపు స్టీరింగున్న బండి రోజులతరబడి నడిపిందన్నమాటే. ముప్పై ఒక్క ఏళ్లు స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చున్నదాన్ని నేను, పాత టికెట్టు వేలితో తడిమి పట్టేసేదాన్ని, కుర్రవేషాలు వేసే పెద్దవాళ్లనీ పెద్దవేషాలు వేసే కుర్రాళ్లనీ మెడ చూసి పట్టేసేదాన్ని. నా బల్ల ముందు నా స్నేహితురాలు ఒంటిచేతి ఎండతో కూర్చుంటే వెన్న రాసి నిమిరాను.

పదకొండూ పద్దెనిమిది. కుర్చీలు వేసి ఉన్నాయి. నిన్న రాత్రే వేసి పడుకున్నాను, అలవాటు. బల్లకు దూరంగా, కిటికీకి పక్కగా, రెండు కుర్చీలు ఒకదాని పక్కన ఒకటి, రెండూ పొయ్యి వైపు చూస్తూ. ఎడమది ఐల్సాది, స్టీరింగు అటే కాబట్టి, కుడిది నాది. కేకుల డబ్బా మూత స్టీరింగు. ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి ఫోన్ చేస్తారని ఐల్సా మొదటిరోజే పరదా వేసింది. పంతొమ్మిదేళ్ల కిందట లైబ్రరీ వాళ్లు పాతబడిందని పారేస్తున్న ఉత్తర అమెరికా రోడ్ల అట్లాసు తన వ్యానులోంచి తీసి నాకు తెచ్చిచ్చింది, నీ దగ్గర రైలు టైములున్నాయి, నా దగ్గర చక్రాలున్నాయి, ఇద్దరం కలిస్తే ఎక్కడికైనా పోవచ్చు అంది. నాకు అప్పటిదాకా అలా ఎవరూ చెప్పలేదు. నేను అందరికీ టికెట్లిచ్చేదాన్ని, అందరూ వెళ్లేవాళ్లు, సాయంత్రం కిటికీ రెక్క దించి ఇంటికొచ్చి అమ్మకు సూపు వేడిచేసేదాన్ని. ఆ అట్లాసుతో గురువారాలు మొదలయ్యాయి. వారానికి ఒక రోజు దారి, ఇరవై ఒక్క వారాలకు ప్రయాణం మొత్తం పూర్తయ్యేది, మళ్లీ మొదటి నుంచి. క్యాల్గరీ నుంచి బాన్ఫ్, బాన్ఫ్ నుంచి వేడినీటి ఊటల రేడియం, అక్కడి నుంచి క్రాన్‌బ్రూక్, సరిహద్దు దాటి మాంటానా. నేను మలుపు చెప్పేదాన్ని, తను మూత తిప్పేది. కుడిపక్కన నడపాలే, కుడిపక్కన! అని నేను అరిస్తే, తెలుసు తల్లీ, అరవకు, ఎదురుగా లారీ లేదు, నీ పొయ్యే ఉంది అనేది. నవ్వలేక చచ్చేవాళ్లం. అమ్మ పక్కగదిలోంచి, ఎక్కడిదాకా వెళ్లారర్రా అని కేకేసేది.

అమ్మ. మొదటిసారి కారు వదిలేసింది అమ్మ కోసం, తుంటి విరిగింది, అది నిజం. రెండోసారీ అమ్మే, కానీ ఆ వేసవికి అమ్మ బాగానే ఉంది, నర్సు వస్తానంది, అమ్మే వెళ్లి రావే ఒసే అంది, నేను ఫోన్ పక్కన కూర్చుని గడియారం చూస్తూ పన్నెండు దాటించాను. మూడోసారి రోగాల ఏడాది, అప్పుడు విమానాలే లేవు. నాలుగోసారి పిల్లి. పిల్లి పేరు చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఐల్సా పిల్లిని ఒళ్లో పెట్టుకుని చెవుల వెనక గోకింది, వచ్చే ఏడు చూద్దాంలే అంది. పిల్లి సంగతి పోయిన ఏడాదిది, ఆ వచ్చే ఏడే ఇది. అమ్మా లేదు, పిల్లీ లేదు. ఆ నాలుగోసారే మనసులో తేల్చేసుకుందేమో, ఇది కదిలే రకం కాదని. తేల్చుకో, తప్పులేదు. నా మొహాన చెప్పు. విల్మా, నేను ఆగలేను, నాకు అరవై ఎనిమిది, నేను వెళ్తున్నాను అని చెప్పు. ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, నెల్లాళ్లు మాట్లాడేదాన్ని కాదు, ఆ తర్వాత ఓట్ బిస్కెట్లు చేసి సాగనంపేదాన్ని. అబద్ధం చెప్పి నా చేతే బిస్కెట్లు చేయించుకుంది చూడు, అది నాకు గొంతులో దిగడం లేదు.

అంతకంటే ఆ తర్వాతి ఆరు నెలలు. అది తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. వెళ్లొచ్చాక కూడా ప్రతి గురువారం వచ్చి అదే ఎడమ కుర్చీలో కూర్చుని అదే మూత తిప్పింది. చూసొచ్చిన రోడ్డు మీద, చూడనట్టు. నేను పక్కన కూర్చుని, అక్కడ కొండ ఉంటుందట, ఇక్కడ వంతెన వస్తుందట అని చిన్నపిల్లకు చందమామను చూపించినట్టు చూపిస్తుంటే ఊఁ కొట్టింది. నవంబరులో ఒకరోజు, సరిహద్దు దాటిన తర్వాత యురేకా ఊరి దగ్గర, హఠాత్తుగా కాలు నేలకేసి నొక్కి బ్రేకు వేసింది. ఏమయిందే అన్నాను. ఇక్కడ జింకలు అడ్డం వస్తాయి, సాయంత్రం పూట అంది. ఎంత బాగా ఊహించావే అని మెచ్చుకుని పచ్చసిరాతో రాసుకున్నాను, యురేకా దగ్గర జింకలు, సాయంత్రం, జాగ్రత్త. ఇదిగో, ఇప్పుడూ ఉంది నా దస్తూరీలో. నా చెవిలో పువ్వు పెట్టడమే కాదు, దానికి నా చేతే నీళ్లు కూడా పోయించింది.

ఐదో రోజు పేజీ తియ్యకూడదనుకుంటూనే తీశాను. ఈ పేజీ గురించి ఐల్సాకు కూడా పూర్తిగా చెప్పలేదు నేను. వైట్‌ఫిష్ ఊరి నుంచి పోల్సన్ వెళ్లడానికి పెద్ద సరస్సుకు రెండు పక్కలా రెండు దార్లున్నాయి, అందరూ పడమటి ఒడ్డున పెద్దరోడ్డు మీద పోతారు. నేను తూర్పు ఒడ్డు రాశాను, సన్నరోడ్డు, చెర్రీ తోటలు, ఇరవై నిమిషాలు ఎక్కువ. ఎందుకే చుట్టూ తిప్పుతావు అని ఐల్సా ఎన్నోసార్లు అడిగింది, చెర్రీల కోసం అన్నాను. సెప్టెంబరులో చెర్రీలుండవని నాకు తెలుసు. తూర్పు ఒడ్డున దక్షిణానికి పోతుంటే సరస్సు కుడివైపు వస్తుంది, డ్రైవరు ఎడమవైపు కూర్చుంటుంది, కుడివైపు కూర్చునే మనిషి కిటికీ నిండా ముప్పై మైళ్లు నీళ్లే. ఆ మనిషిని నేను. అమ్మకు మందులిచ్చి, వంటగిన్నెలు కడిగి, ఈ కుర్చీలో ఒక్కదాన్నే కూర్చుని కుడివైపు కిటికీలోంచి మా సముద్రాన్ని చూస్తూ ఆ సరస్సును ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. ఎవరికీ కాదు, దేనికీ కాదు, నాకోసం నేను ఈ బతుకులో పెట్టుకున్నది ఆ ఒక్క కిటికీ. అందులో డోరీన్ కూర్చుంది. కళ్లు మూసుకుని, కడుపు పట్టుకుని, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఒక్కసారైనా తల తిప్పి చూసిందో లేదో.

ఏడుస్తున్నానా? ఏడుస్తున్నాను. ఏడిస్తే ఏమిటి, నా వంటిల్లు. పదకొండూ ముప్పై ఎనిమిది. ఇంకొక ఇరవై రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటే చాలు, గడియారమే చూసుకుంటుంది మిగతాది, ఐదోసారి. ఈసారి నా తప్పు కూడా కాదు, ఎవరినడిగినా నా వైపే చెబుతారు, ఎంత మోసం జరిగిందమ్మా నీకు అంటారు. ఎంత హాయిగా ఉంది ఆ మాట. గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టినట్టుంది. అమ్మ తుంటి, నర్సు, పిల్లి, ఇప్పుడు ఐల్సా. అనుకోగానే ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నాకు కోపంతో పాటు, అడుగున ఎక్కడో, హమ్మయ్య అని కూడా అనిపిస్తోంది. ఛీ. అదే ఐల్సా కనిపెట్టింది నాలో. అదే నాకు చెప్పకుండా దాచింది.

లేచాను. ఎందుకు లేచానో తెలియదు, టీ కోసమేమో. పొయ్యి దాకా వెళ్లి వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఎడమ కుర్చీలో. ఇటు ఎప్పుడూ కూర్చోలేదు నేను, పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా. కూర్చునే చోటు కొంచెం గుంటపడి ఉంది. ఇక్కడి నుంచి పొయ్యి వేరేగా కనిపిస్తోంది, గోడ మీద అమ్మ ఫోటో కనిపిస్తోంది, కుడిపక్కన ఖాళీ కుర్చీ, దాని అవతల కిటికీ. మూత చేతిలోకి తీసుకున్నాను. మూడోసారికి గానీ లైసెన్సు రాలేదు నాకు, బజారుకీ కొండమీది చర్చికీ తప్ప బండి తీయను, గుండ్రటి కూడలి వస్తే గుండె దడదడలాడుతుంది. మెట్ల మీద చప్పుడు. అదే నడక, కుడికాలు బరువుగా, ఎడమకాలు తేలిగ్గా, వ్యాను క్లచ్చి అరగదీసిన నడక. తలుపు నేను తియ్యక్కర్లేదు, తాళంచెవి తన దగ్గర ఉంది.

"వానా కాదు మంచూ కాదు, దరిద్రం. ఒక పన్ను పీకేశాడే, సగం మొహం నాది కాదు..." అంటూ వచ్చి, బ్రైడీల పొట్లం పట్టుకుని, నన్ను చూసి ఆగిపోయింది. "అదేంటే, నా సీట్లో కూర్చున్నావు?"

"కూర్చో," అని కుడి కుర్చీ చూపించాను.

నవ్వుతూ కూర్చుంది, తడిసిన కోటుతోనే. ఇదేదో కొత్త ఆట అనుకుంది. పుస్తకం ఒళ్లో పెట్టాను. "ఐదో రోజు. చదువు."

"మత్తు దిగలేదే, నాలిక తిరగడం లేదు... వైట్‌ఫిష్‌లో ఎనిమిదింటికి బయలుదేరాలి. తూర్పు ఒడ్డు రోడ్డు. పోల్సన్‌లో మోటెల్, ఐసు మిషనుకు..." అక్కడ ఆగింది. చదవలేకపోయిందేమో, నేను మాత్రం మూత తిప్పుతూనే ఉన్నాను. "పన్నెండో నంబరు గది," అన్నాను. "లవర్న్ నిన్ను అడిగానని చెప్పమంది. డోరీన్ కడుపు ఎలా ఉందని కూడా అడిగింది."

ఐల్సా ఏమంటుందా అని పొద్దుట్నుంచీ ఎన్ని రకాలుగా ఊహించానో. బ్రైడీల నూనె పొట్లంలోంచి కోటు మీదికి దిగుతుంటే చూస్తూ కూర్చుంది. సగం మొద్దుబారిన నోటితో, "చెప్పాలనే ఉండేదే," అంది.

"ఎప్పుడు? జింకలు వచ్చినప్పుడా?"

"చెబితే నువ్వు కుర్చీలు తీసేస్తావనుకున్నాను. గురువారాలు పోతాయనుకున్నాను." కళ్లు తుడుచుకుంది. "నిన్ను నాలుగుసార్లు అడిగాను విల్మా. డోరీన్ ఒక్కసారికే వచ్చేసింది. డబ్భై వస్తే అద్దెకు బండి ఇస్తారో ఇవ్వరో, నా కళ్లు ఎన్నాళ్లుంటాయో... నువ్వు వెళ్లవే. నువ్వు పుస్తకం రాస్తావు, అంతే. నీకు అదే బాగుంటుంది."

చెంపమీద కొట్టినా బాగుండేది. నిజం కాబట్టి కాదు, ఇన్నాళ్లూ అది తెలిసీ నా పక్కన కూర్చుని మూత తిప్పినందుకు. నేను జీవితం అనుకున్నదాన్ని తను పిల్లలాట అనుకుని ఆడిపెట్టినందుకు. అడగాల్సినవి చాలా ఉన్నాయి, సిగ్గులేదా అనడగాలి, నా పేరుకు ఎలా పలికావే అనడగాలి. నా నోట్లోంచి వచ్చింది వేరే.

"దారి సరిపోయిందా?"

ఐల్సా తలెత్తింది. మొహం ఒక్కసారిగా వెలిగింది పాపిష్టిదానికి, దాచుకోలేకపోయింది. "ప్రతి మలుపూ నువ్వు రాసినట్టే ఉంది. బంకు అన్న చోట బంకు, వంతెన అన్న చోట వంతెన. ఒక్కచోట దారి తప్పలేదు. నీ పక్కన కూర్చుని వెళ్తున్నట్టే ఉందే."

"నా పక్కన కాదు," అన్నాను. "మరి సరస్సు?"

"డోరీన్ పడుకుంది," అంది మెల్లగా. "నేను రోడ్డు చూస్తూ ఉన్నాను. సరిగా... సరిగా చూడలేదు."

పదకొండూ యాభై రెండు. ఎవరూ చూడలేదు. ముప్పై మైళ్లు, నా కిటికీ, అంత దూరం పోయి ఒక్కళ్లూ చూడలేదు. ఏడుపు రాలేదు ఈసారి. ఫోన్ తీసుకుని నంబరు నొక్కాను, వేలు రెండుసార్లు తప్పింది, ఏదో పాట వినిపించింది, ఆ పాట అయ్యేలోపు పెట్టేద్దామని మూడుసార్లు అనిపించింది. ఐల్సా నోరు వెళ్లబెట్టి చూస్తోంది. ఒక అబ్బాయి పలికాడు, మర్యాదగా, తొందరగా. కాగితం మీది నంబరు చెప్పాను. మొదటి డ్రైవర్ ఐల్సా గారేనా మేడమ్ అన్నాడు. కాదు, మార్చాలి అన్నాను, నా పేరు ఒక్కొక్క అక్షరం చెప్పాను, లైసెన్సు నంబరు చెప్పాను, చదవక్కర్లేకపోయింది, పదిహేనేళ్లుగా నోటికొచ్చు. అవతల కీబోర్డు టకటకమంది.

"రెండో డ్రైవర్ ఎవరైనా ఉన్నారా మేడమ్?"

ఐల్సా కుర్చీ అంచుకు వచ్చేసింది. కోటు జేబులోంచి లైసెన్సు కార్డు తీసి రెండు చేతులతో పట్టుకుని ఉంది, ఫోన్ చెయ్యనని తెలిసి కూడా ప్రతిసారీ లైసెన్సు తెచ్చేది, ఇవాళా తెచ్చింది. ఆ కార్డు వైపు చూశాను. పంతొమ్మిదేళ్లు కొట్టుకుపోతున్నట్టే అనిపించింది.

"లేరు," అన్నాను.

ఖాయమైంది మేడమ్, శుభప్రయాణం అన్నాడు ఆ అబ్బాయి. పెట్టేశాను.

"నీకు మతిపోయిందా? ఒక్కదానివే ఆ కొండల్లో? గుండ్రటి కూడలి దగ్గరే బండి ఆపేస్తావు నువ్వు. మ్యాపు ఎవరు చూస్తారే?"

"మ్యాపు ఎందుకు? ప్రతి మలుపూ నేను రాసినట్టే ఉందన్నావుగా." పుస్తకం తన ఒళ్లోంచి తీసుకుని, పచ్చ పెన్ను తెరిచి, ఐదో రోజు మీద బాణం గుర్తు కొట్టేసి ఇటు తిప్పి గీశాను. మొత్తం దారి వెనకనుంచి ముందుకు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోతే సరస్సు ఎడమవైపు వస్తుంది, డ్రైవరు వైపు. కావలసినన్నిసార్లు బండి ఆపుకుంటాను.

ఐల్సా ఏడుస్తోంది, మొద్దుబారిన వైపు నుంచి చొంగ కారుతున్నా తనకు తెలియడం లేదు. చేతిరుమాలు ఇచ్చాను. బ్రైడీలు చల్లారిపోయాయి. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, నాకున్న ఒకే ఒక్క మొక్క, జెరేనియం కుండీ, దాని పక్కనున్న చిన్న నీళ్ల డబ్బా తీసుకొచ్చి తన ఒళ్లో పెట్టాను, కార్డు పట్టుకున్న చేతుల మీదే.

"సెప్టెంబరులో మూడు వారాలు," అన్నాను. "తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆకుల మీద పొయ్యకు."